క్లెరిక్ పాత్రకు జాతినిర్ణయము: ఔచిత్యవిమర్శ

అమెరికాదేశమున విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా పట్టణమునుండి 1974వ సంవత్సరమున మూఁడు చిన్నపుస్తకములు వెలువడినవి. వానికి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అని పేరు. కర్తలు గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారలు. ఇది బల్లచుట్టును గూర్చుండి యాడెడి కథాక్రీడ. ఒకఁడు సూత్రధారుఁడై లోకమును, అందలి యాపదలను వర్ణించును. తక్కినవారు తలకొక పాత్రను వహించి తమ పాత్ర యేమి చేయునో చెప్పుదురు. ఫలము సందిగ్ధమైనచోఁ బాచిక నిర్ణయించును. పాత్రను గల్పించుకొనువాఁడు మొదట రెండు సంగతులు తేల్చుకొనవలెను: వృత్తి యేది, జాతి యేది యని. ఆ వృత్తులలో ‘క్లెరిక్’ అనునది దేవతానుగ్రహమున గాయములు మాన్పుచు, ప్రేతములను దఱుముచు, కవచము దొడిగి పోరాడు నర్చకవీరునిది. ఈ యర్చకవీరుఁ డే జాతివాఁడు కావలెనను ప్రశ్న యేఁబదియేండ్లుగాఁ గ్రీడాకారుల నడుమ నలుగుచున్నది. దానికి సాధారణముగా నొసఁగఁబడు సమాధానము లెక్కలకు సంబంధించినది. లెక్కతోఁ దీఱని భాగ మొకటి యందుఁ గలదు. సాహిత్యవిమర్శకుఁ దగినది యా భాగమే.

ఈ ప్రశ్న పుట్టుటకుఁ గారణము మూలగ్రంథముననే యున్నది. గనులలో వసించు శిల్పకారులైన డ్వార్ఫులు, దీర్ఘాయువులును వనవాసులును నగు ఎల్ఫులు, పొట్టివారును శాంతజీవులును నగు హాబిట్లు ప్రధానముగా టోల్కీను కథలనుండి వచ్చినవారు. హాబిట్ అను పేరు పిదపటి ముద్రణములలో హాఫ్‌లింగ్ అని మాఱినది. ఆ కథలలో నీ జాతులకు దేవాలయములుగాని యర్చకవర్గముగాని దాదాపు లేవు. క్లెరిక్ వేఱొక త్రోవను వచ్చినవాఁడు. ఆర్నెసన్ మిన్నెసోటాలో నడపిన ‘బ్లాక్‌మూర్’ క్రీడయందు ఒకరి పాత్ర రక్తము పీల్చు పిశాచమై మితిమీఱిన బలము గాంచఁగా, దాని నడఁచుటకై యీ వృత్తి కల్పింపఁబడినది. ఆంగ్లేయుల భయానకచలనచిత్రములలో పీటర్ కుషింగ్ ధరించిన వాన్ హెల్సింగ్ పాత్ర దీనికి మాతృక. ఆపై మధ్యయుగపుఁ గ్రైస్తవసంప్రదాయపు వాసన దాని కెక్కినది. బేయూ చిత్రవస్త్రముపై ఓడో బిషప్పు గదాదండము చేతఁబట్టి గుఱ్ఱముమీఁద యుద్ధభూమిలోఁ గానవచ్చును; ఈ క్రీడలోని యర్చకునకును వాఁడియంచుగల యాయుధములు నిషేధింపఁబడి గదయే మిగిలినది. కఱ్ఱలను సర్పములుగ మార్చు మంత్రము, కీటకములదండును రప్పించు మంత్రము మోషే కథ నెఱిఁగినవారి కపరిచితములు కావు. మెట్ల పేళ్లును నిట్టివే: విలేజ్ ప్రీస్ట్, వికార్, క్యూరేట్, బిషప్, ఆపై లామా, ఆపై పేట్రియార్క్. బిషప్పునకును పేట్రియార్కునకును నడుమ టిబెట్టు లామా యెట్లు వచ్చి కూర్చుండెనో కర్తలకే యెఱుక!

కాఁబట్టి జాతు లొక కథాసంప్రదాయమునుండియు, నర్చకుఁడు మఱియొక సంప్రదాయమునుండియు వచ్చి యొకే పుస్తకమున నతుకఁబడిరి. ఆ యతుకు కనఁబడుచోటే యీ ప్రశ్న పుట్టినది. 1974 గ్రంథము దానిని సులభముగాఁ దప్పించుకొన్నది. డ్వార్ఫు 6వ మెట్టువఱకును, హాబిట్ 4వ మెట్టువఱకును యోధులుగా మాత్రమే యుండవలెను. ఎల్ఫు యోధుఁడును మాంత్రికుఁడును గావచ్చును. అర్చకత్వము మానవునకే చెల్లును. ఇది సంకుచితమని తోఁపవచ్చును గాని యందొక నిజాయితి కలదు. మాతృకలో లేని యర్చకుని డ్వార్ఫులయం దారోపింపకుండుట యొకవిధమైన మూలవిధేయతయే.

1978వ సంవత్సరపు గైగాక్స్ గ్రంథమున నతుకు విప్పఁబడినది, కాని సగమే. ఎల్ఫునకును మానవునకును బుట్టిన సంకరజాతివాఁడు, అనఁగా హాఫ్-ఎల్ఫ్, 5వ మెట్టువఱకు నర్చకుఁడు కావచ్చును. ఆర్కునకును మానవునకును బుట్టిన హాఫ్-ఆర్క్ 4వ మెట్టువఱకే. డ్వార్ఫునకు 8, ఎల్ఫునకు 7, నోమునకు 7 అని మెట్లు చెప్పఁబడినవి గాని, అవి సూత్రధారుఁడు నడపు పాత్రలకే, క్రీడాకారులకుఁ గావు. హాఫ్‌లింగునకు శూన్యము. మానవున కెల్ల లేదు. ఈ యంకెలను బట్టికగా మాత్రమే చదివిన నేమియుఁ దెలియదు. మంత్రముల బట్టికతోఁ గలిపి చదువవలెను. మృతుని బ్రదికించు మంత్ర మర్చకునకు 9వ మెట్టునఁ గాని లభింపదు. 8, 7, 5, 4 అను నంకెలలో నేదియు 9 కాదు. అనఁగా నా లోకమున మృతసంజీవనము మానవార్చకుని చేతిలోనే యున్నది. డ్వార్ఫు చనిపోయినను డ్వార్ఫులయర్చకుఁడు లేపలేఁడు. మానవుని గుమ్మము తొక్కవలసినదే. ఎల్ఫు విషయ మింకను విచిత్రము: ఆ మంత్రము ఎల్ఫుమీఁద మొదలే పనిచేయదు. ఇంత వేదాంత మొక పట్టికలో నిమిడియుండఁగా క్రీడాకారులు పెక్కం డ్రది యన్యాయమని సణిగిరేకాని, దానినుండి కథ లల్లుటకుఁ బూనినవారు తక్కువ.

నిషేధము కల్పనకుఁ బ్రేరకమగునను మాట యవధానప్రియులకుఁ గ్రొత్త గాదు. నిషిద్ధాక్షరియందుఁ బృచ్ఛకుఁ డక్షరమును వారించినకొలఁది నవధాని కొత్తపదమును వెదకును, పద్యము పూర్తియగును. 1974 నాఁటి నిషేధము కొంతవఱ కిట్టిది. 1978 నాఁటి మెట్ల కట్టడి యట్టిది గాదు. అది యక్షరమును వారింపదు. రెండుపాదములైన పిదపఁ బద్యమునే నిలుపును. హాఫ్-ఆర్క్ యర్చకుఁడు 4వ మెట్టునొద్ద నాఁగుటకు భక్తిలోపముగాని, విద్యాలోపముగాని కారణము కాదు, పుట్టుకయే కారణము. జన్మమువలన నర్చకత్వమా, సాధనవలననా యను పాతతగవు తెలిసిన దేశమువారికి దీనికి వ్యాఖ్యానము వలదు. మానవప్రధానమైన లోకమును నిలుపుటకై యీ కట్టడులని గైగాక్స్ సమర్థించెను. లోకము నిలువవచ్చును గాని పాత్ర నిలువదు.

1997లో నీ క్రీడాస్వామ్యము విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థ చేతికి వచ్చినది. ఆ సంస్థ 2000లోఁ బ్రకటించిన మూఁడవకూర్పున కట్టడులన్నియుఁ దొలఁగినవి; ఏ జాతివాఁడైన నే వృత్తినైనఁ గొనవచ్చును. అంతటితో నిషేధమునకు బదులు లాభనష్టములు వచ్చినవి. డ్వార్ఫునకు దార్ఢ్యమున 2 హెచ్చు, ఆకర్షణశక్తిలో 2 తక్కువ. ప్రేతములను దఱుము సామర్థ్య మా కూర్పున నాకర్షణశక్తిపై నాధారపడినది గనుక, డ్వార్ఫర్చకుఁడు దెబ్బలకు నిలుచునేకాని, క్లెరిక్ పుట్టుటకుఁ గారణమైన యా పనిలోనే వెనుకఁబడును. ఇట్టి చమత్కారములు బుద్ధిపూర్వకములో కాకతాళీయములో చెప్పుట కష్టము.

2014 నాఁటి యైదవకూర్పునొద్ద కొంత నిలువవలెను. ఇందు క్లెరిక్కునకు మూలగుణము వివేకము. 27 అంకములు వెచ్చించి గుణములను గొనుపద్ధతిలో నే గుణమును 15 దాఁటదు; దానికి జాతివలనఁ గలుగు హెచ్చు చేరును. కొండడ్వార్ఫునకు దార్ఢ్యమున 2, వివేకమున 1. వనపు ఎల్ఫునకు లాఘవమున 2, వివేకమున 1. 2016లో వేఱొక గ్రంథమునఁ జేరిన ఫిర్బోల్గ్ అను భీమకాయజాతికి వివేకముననే 2. ఇంతమాత్రము చూచి ఫిర్బోల్గ్ శ్రేష్ఠమని తీర్పు చెప్పువారు కలరు. ఆ తీర్పు లెక్కకే నిలువదు. గుణాంకము నుండి 10 తీసి సగముచేయఁగా, భిన్నమును విడువఁగా, మిగులునది పాచికకుఁ గలుపఁబడును. 16నకు 3, 17నకును 3. మొదటిమెట్టున ఫిర్బోల్గునకు మిగిలిన యొక్క యంక మూరకయే పడియుండును. జాతివలన హెచ్చు లేని 15నకు 2. ఈ మొత్తముమీఁదఁ దేడా యిరువదిముఖముల పాచికపై నొక్కముఖము, అనఁగా నూటి కైదు.

కొండడ్వార్ఫును మెచ్చుకొనువారి పక్షమున వేఱు బలములును గలవు. మెట్టుమెట్టునకును ఆయువున నొక్కటి హెచ్చు. విషమునకుఁ దట్టుకొను శక్తి. అన్నిటికంటె ముఖ్యముగా బరువైన కవచము తొడిగినను నడక మందగింపదు. తక్కినజాతులవారు నిండులోహకవచమునకు 15 బలము కూర్చుకొనవలెను, లేనిచో నడక 10 అడుగులు తగ్గును, డ్వార్ఫునకు వలదు. ఆ బలమున కగు వ్యయమును వివేకదార్ఢ్యములకుఁ దిరుగఁబెట్టవచ్చును. దీనిని స్వార్థగణనమని తూలనాడుట తగదు. అర్చకుఁడు పడిపోయినచో గాయపడిన సహచరులను లేపువాఁడు లేఁడు. వాని దేహదార్ఢ్యము పదుగురి ప్రాణము. లెక్క చూచుకొనుటయు నొకవిధమైన స్నేహధర్మమే.

అయినను, లెక్క తీఱినపిదప మిగులున దేమి? 11వ శతాబ్దమునఁ గాశ్మీరమున క్షేమేంద్రుఁ డౌచిత్యమును గావ్యమునకుఁ బ్రాణముగాఁ బ్రతిపాదించెను. అర్చకపాత్ర విషయమున నౌచిత్యము జాతికిని వృత్తికిని నడుమ నుండునది గాదు. వానికి మూఁడవదగు దేవతతోడనే యేర్పడును. యోధుఁడు కత్తితోఁ జాలించుకొనును, మాంత్రికుఁడు పుస్తకముతోఁ జాలించుకొనును. అర్చకునకు మాత్రము వేల్పు కావలెను. ఆ వేల్పు తన జాతివారిదా, పరులదా? తనవారు దాని కంగీకరింతురా? జాతినిర్ణయ మీ ప్రశ్నకుఁ బ్రత్యుత్తర మైనప్పుడే పాత్ర ప్రాణము దాల్చును.

ఉదాహరణమునకు, మొరాడిన్ డ్వార్ఫుల వేల్పు; లోహములనుండి డ్వార్ఫులను మలచిన కమ్మరి. మొరాడిన్ నర్చించు డ్వార్ఫు సుకరుఁడు, నిర్దోషి, కొంచెము నీరసుఁడు. ఆ డ్వార్ఫే సముద్రదేవత కర్చకుఁడైనచో నాతని గనిలోని బంధువు లేమనుకొందురో తెలిసికొనఁగోరని శ్రోత యుండఁడు. ఆర్కుల వేల్పు గ్రూంష్ ఒంటికంటివాఁడు. ఎల్ఫుల వేల్పగు కొరెలన్ ఆ కన్నును బొడిచెనని ఎల్ఫుల కథ. తమ వేల్పునకు మొదటినుండియు నొక్క కన్నే యని ఆర్కుల యర్చకుల కథ. ఇంతకంటె రసవంతమైన పాఠభేద మీ క్రీడాపురాణమున మఱియొకటి లేదు. హాఫ్-ఆర్క్ యర్చకుఁ డే పాఠమును జదువునో యదియే వాని చరిత్ర. అతఁడు గ్రూంష్‌ను విడిచి గాయములు మాన్పు దేవతను గొలిచినచో, తనవారి నోటఁ బుట్టిన పాఠమును దప్పనుచున్నాఁడా, లేక రెండుపాఠములను మోయుచున్నాఁడా? హాఫ్-ఎల్ఫ్ సంగతియు నిట్టిదే: తల్లి వేల్పొకటి, తండ్రి వేల్పొకటి, ఏ గుడిలో నడుగుపెట్టినను రెండవగుడి వెనుకనుండి చూచుచుండును.

మానవుఁడు నిస్సారుఁడని దీనివలన నెంచరాదు. 1984లో మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్మన్ అను నిరువురు రచించిన డ్రాగన్‌లాన్స్ నవలలలో నిజమైన యర్చకత్వమును లోకమునకు మరలఁ దెచ్చునది గోల్డ్‌మూన్ అను మానవస్త్రీ. దేవతలు మూఁడువందల యేండ్లకుఁ బైగా మౌనము వహించిన లోక మది. ఆమె మైదానవాసులగు నొకతెగకు నాయకుని కూఁతురు. ఆ తెగవారు తమ పూర్వులనే వేల్పులుగాఁ గొలుతురు. అట్టిచోటఁ బుట్టినది మిషాకల్ అను దేవత నంగీకరించుటలోనే కథకుఁ గావలసిన యలజడి యున్నది. ఆమె గుణాంకములు పాఠకుని కెఱుకపడవు, అక్కఱయు లేదు.

ఇటీవలి మార్పులు రెండు. 2020లోని యొక గ్రంథము గుణముల హెచ్చును నచ్చినచోఁ బెట్టుకొన ననుమతించినది. 2022 డిసెంబరులో ‘రేస్’ అను మాటను విడిచి ‘స్పీసీస్’ అను మాటను గైకొందుమని సంస్థవారు ప్రకటించిరి. 2024 గ్రంథ మట్లే వెలువడినది. ఆంగ్లమున నా మొదటిమాట మోసిన చరిత్ర చేదైనది గాన మార్పు సమంజసమే. తెలుఁగు చేయువానికి మాత్రము చిక్కు తీఱలేదు: పక్షిజాతి, మనుష్యజాతి యనుచోటను ‘జాతి’యే, మనుష్యులలో మనుష్యులను విడఁదీయుచోటను ‘జాతి’యే.

మాటకంటె ముఖ్యమైనది లెక్కలోని మార్పు. 2024 గ్రంథమున గుణముల హెచ్చు పుట్టుకవలనఁ గాక పెంపకమువలన లభించును. ఆలయమునఁ బెరిఁగినవాఁడు ప్రజ్ఞ, వివేకము, ఆకర్షణములను బెంచుకొనవచ్చును. వ్యవసాయము చేసినవాఁడు బలము, దార్ఢ్యము, వివేకములను. నిన్నటివఱకుఁ గొండడ్వార్ఫు రక్తములో నున్న దార్ఢ్యవివేకములు నేఁడు రైతుబిడ్డ కే జాతియందైనను దొరకును. ఆయువున మెట్టుమెట్టునకు హెచ్చు డ్వార్ఫున కింకను నిలిచియే యున్నది గాన లెక్క పూర్తిగాఁ దొలఁగలేదు. కాని యర్చకత్వమునకు మూలమైన వివేకము నేజాతియు సొంతము చేసికొనలేదు. 1978 నాఁటి 4వ మెట్టునుండి యిది చాల దూరపుఁ బ్రయాణము. ఒక్క కొఱఁత చెప్పక తప్పదు. ఆ గ్రంథమందలి పదిజాతులలో ఆర్కు కలదు, డ్వార్ఫు కలదు, హాఫ్-ఎల్ఫును హాఫ్-ఆర్కును వేఱుజాతులుగాఁ గానరావు. అర్చకవృత్తి మొదటఁ దెఱవఁబడినది వారికే. రెండుగుళ్ల నడుమ నిలిచినవారును వారే. ఆ పాత్రలను గోరువాఁడు 2014 గ్రంథమునే తెఱచుకొనవలసియున్నది.