సంజ్ఞానశాస్త్రమున పరిశోధక పాఠ్యక్రమము

డాక్టరు పట్టమునకై చేరిన విద్యార్థి సిద్ధాంతవ్యాసమునకు పూనుకొనక ముందు తరగతిలో కూర్చుండి పాఠములు విని పరీక్షలు వ్రాయవలయునా యను చర్చ మన తెలుగు శాఖలలో ఇంకను సద్దుమణగలేదు. 2009లో యు.జి.సి. వారు కనీసము ఒక సెమిస్టరు పాఠ్యక్రమమును విధించినప్పుడు, పరిశోధకుని మరల బడికి పంపుచున్నారని నొచ్చుకొన్నవారు మనలోనే కలరు. మేము ఆ పక్షము వారము కాము. పాఠ్యక్రమము వలయును. అయితే అది యెట్టిదై యుండవలయునో విచారించుటకు, మన శాఖలకు దూరముగా కనిపించు సంజ్ఞానశాస్త్రమును ఇచట ఎన్నుకొంటిమి. ఎరుగుట, గుర్తించుట, తలంచుట, పలుకుట మున్నగు మనోవ్యాపారములను పరిశీలించు ఈ శాస్త్రమునకు తెలుగున స్థిరమైన పేరు ఇంకను ఏర్పడలేదు. దొరికిన మాటతో మేము సరిపెట్టుకొనుచున్నాము.

ఈ శాస్త్రమున పాఠ్యక్రమము అలంకారము కాదు, ఆవశ్యకము. 1978లో అమెరికాయందు స్లోన్ ఫౌండేషను కొరకు సిద్ధపరచిన నివేదికలో దీనిని ఒక షడ్భుజిగా చిత్రించిరి. దాని ఆరు కొనలయందు తత్త్వశాస్త్రము, భాషాశాస్త్రము, మానవశాస్త్రము, నాడీశాస్త్రము, కంప్యూటరు శాస్త్రము, మనోవిజ్ఞానము నిలిచినవి. ఈ ఆరింటిని యం.ఏ. నాటికే నేర్చి వచ్చు విద్యార్థి ఉండడు. యంత్రము తెలిసినవానికి భాష తెలియదు. భాష తెలిసినవానికి నాడీమండలము తెలియదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు శాన్ డియేగోలో 1986లో నెలకొల్పిన శాఖయైనను, మన హైదరాబాదు విశ్వవిద్యాలయమందలి నాడీ-సంజ్ఞాన శాస్త్రముల కేంద్రమైనను ఈ చిక్కును ఎదుర్కొనక తప్పదు.

ఆరు కొనలును సమముగా పెరుగలేదు. మానవశాస్త్రము ఈ కూటమినుండి జారిపోవుటను గూర్చి బెండర్, హచిన్స్, మెడిన్ అను మువ్వురు 2010లో చర్చించిరి. ఈ శాస్త్రమును చాలవరకు మనోవిజ్ఞానమే ఆక్రమించినదని నూన్యెజ్ ప్రభృతులు 2019లో లెక్కలతో చూపిరి. ఆ హచిన్సే 1995 నాటి తన గ్రంథమున నౌకాదళపు ఓడపై దారి లెక్కించువారి నడుమ కూర్చుండి, తెలివి ఒక్క తలలో గాక పలువురి చేతులయందును పనిముట్లయందును పంచుకొని యుండుటను వర్ణించెను. అట్టి గ్రంథము ప్రయోగశాలలోని తెరయెదుట పుట్టునది కాదు.

ఇక నియమావళిని శాసనముగా గాక ఒక గ్రంథముగా చదివి చూతము. 2016 నాటి నియమములలో పరిశోధనపద్ధతికి కనీసము నాలుగు క్రెడిట్లు కేటాయించి, అందు ఏమేమి చేరవచ్చునో వరుసగా చెప్పిరి. పరిమాణాత్మక పద్ధతులు మొదట వచ్చినవి. పిదప కంప్యూటరు వినియోగము, పరిశోధననీతి, ప్రచురిత పరిశోధనల సమీక్ష. క్షేత్రపరిశీలన యను మాట కట్టకడపట, ‘మొదలగునవి’కి సరిగా ముందు నిలిచినది. 2022 నియమములు పాఠ్యక్రమమునకు కనీసము 12 క్రెడిట్లు విధించి, పరిశోధనపద్ధతిని, పరిశోధన-ప్రచురణ నీతిని పేర్కొన్నవి. అచట క్షేత్రపరిశీలన యను మాటయే లేదు. వ్యాసము సమర్పింపక ముందే పత్రికలో ప్రచురించి తీరవలయునను నిబంధనను తొలగించుట మేలైన పని. దానిని మేము మెచ్చుకొందుము. ఈ లోపము మాత్రము చిన్నది కాదు.

ఏల చిన్నది కాదో మా ప్రాంతముననే చూపవచ్చును. నాగార్జున విశ్వవిద్యాలయమున చదివి, హైదరాబాదున సంజ్ఞానశాస్త్ర పరిశోధనకు చేరిన పల్నాటి విద్యార్థి యొకడు కలడనుకొందము. వర్ణములను గుర్తించుటలో నైపుణ్యము అతని విషయము. బెర్లిన్, కే అనువారి 1969 నాటి గ్రంథము పిమ్మట రంగుబిళ్లలు చూపి పేరడుగు పద్ధతి ఈ రంగమున స్థిరపడినది. అతడు ఆ బిళ్లలను మిరపకల్లమునకు కొనిపోయి, కాయలేరు స్త్రీల ముందు పెట్టును. వారు ‘ఎరుపు’ అందురు. మరల ‘ఎరుపే’ అందురు. వారి వర్ణవివేకము పరిమితమని పట్టిక తేల్చును. అదే స్త్రీ మరుక్షణమున రాశినుండి తాలుకాయను, మచ్చకాయను తల యెత్తకయే తీసి పారవేయును. ఆమె చూచునది రంగు మాత్రము కాదు. తోలు ముడుత, తొడిమ గట్టితనము, గుప్పిట పట్టినప్పటి తేమ, ఎండిన కాయలో గింజ గలగలలాడు చప్పుడు, అన్నియు ఒక్కటై ‘తాలు’ అను మాటలో ఇమిడియున్నవి. గుంటూరు యార్డున టిక్కీనుండి పిడికెడు తీసి తేజయో, 334యో చెప్పగల వ్యాపారియు, రెండు చేతుల వ్రేళ్ల నడుమ దూదిని లాగి పింజపొడవు తేల్చు పత్తికొనుగోలుదారుడును ఇట్టివారే. విద్యార్థి పట్టికలో అంకెలు తప్పు కావు, ప్రశ్నయే తప్పు. ఆ తప్పును పట్టుకొను చదువు అతని 12 క్రెడిట్లలో ఎచటను లేదు.

మన లిపి విషయమును ఇట్టిదే. చదువురాని పిల్లవానిని పరీక్షించుటకు ఆంగ్లమునుండి తెచ్చిన పరీక్షలు పదమును ధ్వనులుగా విడదీయుమని అడుగును. మన బాలుడు ‘తల’ను ‘త’, ‘ల’ అని విడదీయును. ‘త్’ అను హల్లును వేరుచేయుమన్న తడబడును. కన్నడ బాలుర పఠనముపై సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన, అక్షరలిపులయందు ధ్వనివివేకము నెమ్మదిగా కుదురుననియు, అక్షరజ్ఞానమే ఏండ్లతరబడి సాగుననియు చూపినది. గుణింతముల స్వభావమెరుగని పరీక్షకుడు ఆ తడబాటును మాంద్యమని వ్రాసికొనును. నష్టపోవునది పిల్లవాడు.

అట్లని పాఠ్యక్రమమును తీసివేయుట మందు కాదు. నేటి ప్రకాశము జిల్లా ఒంగోలున 1928లో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ఆనర్సు చదివినవారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1955లో యం.ఏ., 1957లో డాక్టరు పట్టము పొందిరి. తెలుగు పండితుని ద్రావిడభాషల తులనాత్మక శాస్త్రజ్ఞునిగా మార్చిన వానిలో ఆ తరగతుల పాలు కలదని మా నమ్మిక. అయినను తిరిగి వచ్చి ఆయన చేసిన పనిని చూడుడు. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము కొరకు శిక్షితులైనవారు ఊరూర రైతుల నోటనుండి మాటలు సేకరించిరి. పరాయి గడ్డపై నేర్చిన పద్ధతి నాగలియొద్దకు నడచినది. సంజ్ఞానశాస్త్రమున షడ్భుజికి తెగిపోయిన కొన మనవద్ద ఈ రూపమున ఉన్నది. దానిని ఎవరును పాఠముగా చెప్పుట లేదు.

కావున 12 క్రెడిట్లలో నాలుగు ఒక కారు క్షేత్రవాసమునకు ఈయవలయునని మా సూచన. విద్యార్థి కోతకాలమున కల్లములోనే ఉండి, ఒక పనివారి మాటలను, ఆ మాటలతోపాటు చేతిపనిని వ్రాసికొని రావలయును. తన ప్రయోగము అటుపిమ్మట రూపొందించుకొనవచ్చును. కొలతకు లొంగనిది శాస్త్రము కాదని గణాంకనిపుణులు అభ్యంతరము చెప్పుదురు. కొలువవలసినది ఏదో ముందు తెలియవలయునని మా సమాధానము. కాలము చాలదనుటయు నిలువదు. పట్టమునకు కనీసము మూడేండ్లు, ఆరేండ్ల వరకు గడువు కలదు. ఈ పరీక్ష మౌఖికముగా తెలుగున జరుగవలయును. పరీక్షకులలో నొకరు తెలుగు శాఖవారు, మరియొకరు ఆ కల్లమున పనిచేయువారు కావలయును. ఆ రెండవవారి అభిప్రాయమును నమోదుచేయు ఫారము మా కార్యాలయమున లేదు; దానిని ముందుగా అచ్చువేయింపవలసి యుండును.