మనిషి లేని వాతావరణం

కథావస్తువు మంచిదైతే చాలు, వాతావరణం దానంతటదే కుదురుతుందని మనలో కొందరి నమ్మకం. వాతావరణమంటే వారి దృష్టిలో పైన పూసే రంగు. ఏలూరు తివాచీని చూసినవారు ఆ మాట అనరు. అక్కడ రంగు ఉన్నిలోనే ఉంటుంది. నేత వేరు, రంగు వేరు కాదు. ఆడేవారే ఒక పాత్రను ధరించి, ఊరూరా తిరిగి కథ నడిపే ‘రోల్‌ప్లేయింగ్’ వీడియో ఆటల విషయంలోనూ ఇది నిజం.

ఇటువంటి యాత్రాకథ మనకు కొత్తది కాదు. 1951లో కె.వి. రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’లో తోటరాముడు బయలుదేరింది ఈ తోవనే. గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం, ఘంటసాల సంగీతం, నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు మాంత్రిక పాత్ర - అన్నీ కలిసి ఆ మాయాలోకాన్ని నమ్మించాయి. అయితే తోటమాలి కొడుకు చివరకు రాజుగారి అల్లుడయ్యాడు. కోట మాత్రం కోటగానే మిగిలింది. ఆ కోటను ఎవరు మోస్తున్నారన్న ప్రశ్న ఆ వాతావరణంలో పుట్టదు.

1997లో జపానులో స్క్వేర్ సంస్థ విడుదల చేసిన ‘ఫైనల్ ఫాంటసీ 7’లో ఆ ప్రశ్న మొదటి దృశ్యంలోనే పుడుతుంది. ముందు ఒక పూలమ్మే పిల్ల ముఖం. కెమెరా వెనక్కి జరిగేకొద్దీ మిడ్గార్ మహానగరం. పైన ఇనుప వేదిక మీద కలవారి ఇళ్ళు, కింద ఎండ సోకని మురికివాడలు. చుట్టూ రియాక్టర్లు భూమి ప్రాణశక్తిని తోడుతూ ఉంటాయి. ఆ శక్తిని అమ్ముకునేది ఒకే కంపెనీ. ఉపన్యాసం చెప్పవలసినదంతా కళాదర్శకుడు యూసుకే నావొరా దృశ్యంలో చెప్పాడు. సాధనాలు స్వల్పమైనవే. చాలాచోట్ల ముందే తయారుచేసిన నిశ్చలచిత్రాల మీద బొమ్మలు నడుస్తాయి; నొబువో ఉఎమత్సు స్వరాలను చాలావరకు యంత్రంలోని ధ్వనిచిప్పే పలికిస్తుంది. అయినా గంటల తరబడి ఆ ఇరుకులో తిరిగి నగరం దాటగానే, ఆరుబయలూ విశాలమైన రాగమూ ఒక్కసారిగా ఎదురవుతాయి. అంతవరకూ ఎంత ఊపిరాడక బతికామో అప్పుడు తెలుస్తుంది.

ఇందులో లోపం లేదనలేము. పోనుపోను కథ సెఫిరోత్ అనే ఒక్కడి ఉన్మాదం చుట్టూ బిగుసుకుంటుంది. మురికివాడల జనం వెనకపడిపోతారు. చిట్టచివర, 500 ఏళ్ళ తరువాత, మిడ్గార్ పచ్చదనంతో నిండి కనిపిస్తుంది. అక్కడ మనిషి జాడ లేదు. పిల్లల నవ్వులు మాత్రం వినిపిస్తాయి. చిత్రం విడిచిపెట్టిన మనిషిని ధ్వని వెనక్కి పిలిచింది.

కొల్లేటి ఒడ్డున ఉన్నవారికి ఈ ముగింపు వట్టి కల్పన అనిపించదు. సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అక్రమ చేపలచెరువుల గట్లు తెగగొట్టారు. పెట్టుబడి బలంతో సరస్సును ముక్కలుగా పంచుకున్నవారిని సమర్థించవలసిన పని లేదు. కాని చెరువు తవ్విన కూలీ, వల వేసే లంకగ్రామాల జాలరి కొల్లేటి అందాల బొమ్మల్లో ఎందరికి కనిపిస్తారు? గూడబాతులు కనిపిస్తాయి, పొద్దు గుంకడం కనిపిస్తుంది. ఆ బొమ్మలు చూసి కొల్లేటిని ప్రేమించేవారికి, అక్కడ మనుషులు బతుకుతున్నారన్న సంగతే తట్టదు.

రేపు మన యువకులు కొల్లేటి మీద ఒక ఆటను నిర్మించదలిస్తే, ఈ సంగతి మరవరాదు. గూడబాతు రెక్కల చప్పుడు వినిపించండి. దానితోపాటే తాటిదోనె గెడ నీటిలో దిగే చప్పుడూ వినిపించండి. ఆ గెడ వేసేవాడికి సాయంత్రం ఏం దక్కిందో ఆడేవాడు అడిగితీరాలి. అలా అడిగించలేని వాతావరణం ఎంత అందమైనదైనా తెర మీది రంగే.