ముక్కుకూ ముద్దకూ నడుమ

వాసన నిండుగా తగలాలి, రూపు కనబడకూడదు. ముద్ద మూరెడు దూరంలోనే ఉండాలి, నోటికి అందకూడదు. ఈ రెండూ కుదిరిన చోట కుక్క ఒక్క క్షణం ఆగుతుంది. చెవులు ముందుకు రిక్కించి, తోకను నడుముకు సమంగా నిలిపి, ఎత్తిన ముందుకాలిని గాల్లోనే మరిచిపోయి ఆగుతుంది. కదలికకు ముందరి ఆ కదలని క్షణం ఉందే, దాన్ని చూడ్డానికి పనులు మానుకుని కూర్చున్న పూటలున్నాయి నాకు. నవ్వేవాళ్లు నవ్వనీ! అందం ఎదురుగా వచ్చి నిలబడితే లేచి పోయేవాణ్ణి కాను.

ఆ తర్వాత ముక్కు అందుకుంటుంది. సెకనుకు ఐదారు మార్లు గాలిని లాగుతుంది, తడితడిగా, తునకలు తునకలుగా. లాగిన గాలి నేరుగా లోపలికి. వదిలిన గాలి ముక్కుపుటాల పక్కనున్న సన్నని చీలికల గుండా వెనక్కి. అందుకే పాత ఊపిరి కొత్త వాసనను చెదరగొట్టదు. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50, 60 లక్షలైతే కుక్క ముక్కులో 20 కోట్లకు పైమాటే. మనం వంటింటి గుమ్మంలో నిలబడి ‘తాళింపు’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం. అది అదే గుమ్మంలో ఆవాలు వేరుగా, ఎండుమిరప వేరుగా, వేలికి అంటిన నెయ్యి వేరుగా, ఆ వేలు పొద్దున నిమిరిన దూడ వేరుగా ఆస్వాదిస్తుంది. ఇంతటి రసికుడికి గిన్నెలో అన్నం కుమ్మరించి, రెండు నిమిషాల్లో కానిచ్చేసి పోయి పడుకోమంటాం. ఎంత మోటుదనం!

ఆ మోటుదనానికి విరుగుడుగా పుట్టినవే పజిల్ ఫీడర్లు. తిండిని దాచి, వెతికించి, దొర్లించి, తవ్వించి, నాకించి, కొసరి కొసరి వదిలే ఆటవస్తువులు. బెంగళూరు దగ్గరే కనుక పలమనేరు, బైరెడ్డిపల్లె వైపు కూడా కొరియర్ కుర్రాళ్లు వీటిని మోసుకొస్తున్నారు. వీటన్నిటికీ నేను పెట్టే పరీక్ష ఒకటే. ముక్కుకూ ముద్దకూ మధ్య ఉన్న ఆ ఎడాన్ని బొమ్మ ఎంత తీయగా సాగదీయగలిగింది, విసుగు పుట్టకముందే ఎంత ఒడుపుగా తెంచగలిగింది? తక్కిన గుణగణాలన్నీ దీని తర్వాతే.

ముందుగా తలచుకోవాల్సింది కాంగ్‌ని. అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది, పోలీసు కొలువు ముగించుకున్న కుక్క. రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకునేది. ఆయన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను విప్పుకుని కూర్చున్నప్పుడు పక్కన పడేసిన విడిభాగాల్లోంచి సస్పెన్షన్ తాలూకు రబ్బరు ముక్క ఒకటి దాని నోట పడింది. ఇక వదిలితే ఒట్టు! ఆ ముక్క తీరునే 1976లో కాంగ్ సంస్థ మొదలైంది. ఒకదానిమీద ఒకటి పేర్చిన మూడు గుండ్రాలు, నడుమ బోలు. బోలులో తిండి కూరి నేలమీద పడేస్తే ఎటు గెంతుతుందో వేసినవాడికే తెలియదు. కుక్క ఉరుకుతుంది, అది తప్పుకుంటుంది. పంజాతో అదుముతుంది, అది జారుతుంది. చివరికి రెండు ముందుకాళ్ల మధ్య ఇరికించుకుని, కళ్లు అరమోడ్చి, నాలుకను లోపలికి చాచి, లోతుల్లోని రుచిని బయటికి లాగుతున్నప్పుడు దాని నుదుటిమీద పడే ఆ ముడత! ఆలోచనకు ఆకారం ఉంటుందా అంటే నేను ఆ ముడతనే చూపిస్తాను.

స్వీడన్‌లో నీనా ఒట్టోసన్ 1990ల ఆరంభంలో మొదలుపెట్టిన కొయ్యపలకల తీరు వేరు. పసిపిల్లల పనిలో పడి తన కుక్కలకు పొద్దు చాలడం లేదన్న నొప్పిలోంచి పుట్టిన పలకలవి. పలకనిండా గుంటలు, గుంటలమీద జరిగే దిమ్మెలు, దిమ్మెల కింద తాయిలాలు. ఇక్కడ ముక్కుకు తోడు పంజా కూడా రంగానికెక్కుతుంది. మట్టి తవ్వే మొరటు పంజా, గోళ్లు మొద్దుబారిన పంజా, కొయ్యదిమ్మెను అంగుళం పక్కకు నెట్టేటప్పుడు ఎంత నాజూకవుతుందో! కాకపోతే కిటుకు ఒకసారి దొరికిందంటే పలక చప్పబడిపోతుంది. మా ఇంట్లోది కొన్నాళ్లకు దాన్ని గుమాస్తా దస్త్రాలమీద ముద్ర కొట్టినట్టు ముగించేసి అవతలికి పోయేది. అయినా ఆ కొయ్య నునుపు చూసినప్పుడల్లా నాకు ఏటికొప్పాక గుర్తొస్తుంది. అంకుడు కర్రను అంత మెత్తగా తరిణెపట్టి, చెట్ల రంగులు కలిపిన లక్క పూసి, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్న చేతులవి. కుక్కలకోసం ఒక్క పలక చేసి చూపిస్తే చూడాలని ఆశ.

గుడ్డపీలికలు ఒత్తుగా గుచ్చిన చాపలు కూడా వస్తున్నాయి. పీలికల సందుల్లో పలుకులు చల్లి వదిలితే కుక్క ముక్కుతో గడ్డి దున్నుతుంది. చూడ్డానికి హడావుడి లేదు, గెంతులు లేవు. ఒట్టి ఊపిరి చప్పుడు. బజారులో దొరికేవాటిలో నా ఓటు దీనికే. అయితే ఇది దేనికి నకలో మా సీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నాలుక విషయానికొస్తే మాత్రం లోకంలోని బజార్లన్నీ బైరెడ్డిపల్లె వాకిట్లో చేతులు కట్టుకు నిలబడాలి. సంగటి కెలికి, ముద్దలు చేసి ఎత్తేశాక, సట్టి అడుగున ఒక పొర మిగులుతుంది. బియ్యమూ రాగిపిండీ కలిసి మాడిన పొర. అంచుల్లో పెళుసు, నడుమ జిగట, అన్నిటికీ కింద రవంత చేదు. అవ్వ దాన్ని వెంటనే కడగదు. తీసుకెళ్లి వాకిట్లో వేపచెట్టు కింద పెడుతుంది. వీధి నల్లకుక్క వచ్చి తల లోపల పెడుతుంది, ఇక లోకంతో దానికి పని లేదు. నాలుక గరగర, సట్టి దొర్లిన డొల్లు, మళ్లీ పంజా వేసి నిలబెట్టుకోవడం, మళ్లీ గరగర. మెతుకు ఊడి రాదు, ఊడదని వదలబుద్ధీ కాదు. మెల్లగా వెన్ను వదులవుతుంది, తోక వాలుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. ఆహా, తపస్సు అంటే ఇదే కదా! గాడులు పెట్టిన రబ్బరు పలకలు, పెరుగో గుజ్జో పూసి నాకించేవి, పట్నాల్లో ఇప్పుడు తెగ అమ్ముడవుతున్నాయి. ఒకటి తెచ్చి అవ్వకు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

“దీనికి దుడ్లిచ్చి కొనుక్కొచ్చినావా నాయనా? సట్టి ఉండాది గదా!”

సమాధానం ఏముంటుంది? నేను ఆ పలకను సంచిలో పెట్టేసుకున్నాను.

ఇక చేను. చెనక్కాయ చెట్లు పీకి, కాయలు వలుచుకుని, ఏరుకునేవాళ్లు కూడా ఏరుకుని పోయిన తర్వాత, ఎర్రమట్టిలో అక్కడొకటి ఇక్కడొకటి కాయ ఉండిపోతుంది. ఊరికుక్కలు చల్లపొద్దున ఆ చేలోకి దిగుతాయి. చూడాలి ఆ దిగడం! మూతి నేలకు ఆనించి సాలు వెంబడి సాగుతుంది. సాగుతూ సాగుతూ టక్కున నిలుస్తుంది. ఒక అడుగు వెనక్కి వేస్తుంది. వాసన దాటి వచ్చానని దానికి తెలిసిపోయింది! అప్పుడిక ముందుకాళ్లు రెండూ ఎర్రదుమ్మును వెనక్కి చిమ్ముతాయి, మూతి గుంటలోకి పోతుంది, ఒకటే బుస. పైకొచ్చేసరికి ముక్కుమీద బొట్టంత మట్టి, పళ్ల మధ్య కాయ. దాన్ని కింద పెట్టి, పక్కపళ్లతో పటుక్కున చిట్లించి, పలుకు మింగి, డొప్పను ఉమ్మేస్తుంది. ఒక్క పలుకు! దానికోసం ఇంత వెతుకులాట, ఇంత తవ్వకం, ఇంత ఉత్సవం. లెక్క చూసుకుంటే తిన్నదానికంటే తవ్వడానికి ఖర్చయిన బలమే ఎక్కువేమో. లెక్కలు చూసేవాళ్లు ఆ వేళప్పుడు చేలోకి రారు, కుక్క కూడా చూడదు. గుడ్డపీలికల చాప దేనికి నకలో ఇప్పుడు తెలిసింది కదా.

దాచినదాన్ని వెతకడమన్నది కుక్కకు మనం నేర్పిన విద్య కానే కాదు. ఋగ్వేదంలో పణులు ఆవుల్ని దాచేస్తే, జాడ తీయడానికి ఇంద్రుడు పంపింది సరమ అనే ఆడకుక్కనే. రసా నదిని దాటి పోయి ఆవుల్ని కనిపెట్టింది. పొట్టి ఆవుల పుంగనూరు సీమలో కూర్చుని ఆ కథ తలచుకుంటే నాకు మరీ ముచ్చట.

పరిశోధకులు కూడా ఈ వెతుకులాట చుట్టూ చాలానే తిరిగారు. స్వీడన్‌లో బీగిల్ కుక్కలమీద చేసి 2014లో అచ్చువేసిన ప్రయోగం ఒకటుంది. ఒక పనిని తామే సాధించి బహుమానం పొందిన కుక్కలు, ఏ సాధనా లేకుండా అదే బహుమానం అందుకున్నవాటికంటే ఎక్కువ తోకలాడించాయట, ఎక్కువ ఉత్సాహం చూపాయట. ముక్కుకు పని చెప్పే ఆట కొన్నాళ్లు ఆడిన పెంపుడు కుక్కలు తెలియని గిన్నె దగ్గరికి కూడా మునుపటికన్నా ఆశగా పోతున్నాయని 2019లో డ్యూరాంటన్, హోరోవిట్జ్ రాశారు. అసలు ఊరికే దొరికే తిండిని కాదని మీట నొక్కి సంపాదించుకునే ఎలుకల్ని 1963లోనే జెన్సన్ చూపించాడు. కుక్కలు కూడా అంతేనని అందరం అనుకుంటూ వచ్చాం. 2024లో పెంపుడు కుక్కల ముందు ఒక పక్క పీలికల చాప, ఒక పక్క తెరిచిన పళ్లెం పెట్టి చూస్తే, చాపవైపు ప్రత్యేకమైన మొగ్గేమీ కనబడలేదు, కానీ వెతకడానికి కుక్కలు సిద్ధంగానే ఉన్నాయి. ఈ ఫలితం కొందరిని నిరాశపరచింది. నాకు మాత్రం ఇదే నచ్చింది. పళ్లెం పక్కనే తెరిచి ఉన్నా కుక్క పోయి పీలికల్లో మూతి దూర్చిందంటే, రసికత అని దేన్నంటాం మనం?

ఇన్నిటిలోనూ నన్ను నిలువునా కరిగించే ఘట్టం ఇంకొకటుంది. అది గెలుపు కాదు, చిక్కుపడడం. మూత రాదు, దిమ్మె జరగదు, కాంగ్ సోఫా కిందికి దొర్లిపోయింది. కుక్క ఆగుతుంది. తల తిప్పుతుంది. మన కళ్లలోకి చూస్తుంది. 2003లో బుడాపెస్ట్‌లో మిక్లోషీ బృందం తోడేళ్లకూ కుక్కలకూ తిండి దొరికించుకునే పని నేర్పి, తర్వాత ఆ పని సాధ్యం కాకుండా బిగించేశారు. తోడేళ్లు పెనుగులాడుతూనే ఉన్నాయి. కుక్కలు మాత్రం తల తిప్పి మనుషుల ముఖాల్లోకి చూశాయి. దీన్ని చేతగానితనం అన్నవాళ్లూ ఉన్నారు. అననీ! వేల ఏళ్ల సహవాసమంతా ఆ ఒక్క చూపులోకి వచ్చి చేరింది. అందులో వేడికోలు ఉంది, రవంత సిగ్గుంది, ‘నీకు తెలుసు కదా’ అన్న చనువుంది, ‘చెప్పొద్దులే, ఇంకాసేపు చూస్తాను’ అన్న పంతం కూడా ఉంది. ఇవన్నీ నేను కల్పించుకున్నవే అంటారా? కావచ్చు. కానీ ఆ గోధుమరంగు కళ్లు నా మీద ఆనినప్పుడు, సోఫా కింద చెయ్యి పెట్టకుండా నిగ్రహించుకోవడం ఎంత కష్టమో ఒకసారి చూడండి! వెంటనే అందిస్తే ఆట చచ్చిపోతుంది, మరీ ఆలస్యమైతే ఆశ చచ్చిపోతుంది. ఈ రెండింటి నడుమ చెయ్యి ఎప్పుడు చాచాలో తెలిసినవాడే నా దృష్టిలో కుక్కను పెంచడం తెలిసినవాడు.

దాచిపెట్టే తిండి విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పి ముందుకు పోతాను. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష కుక్కకు విషం. మా చింతతోపుల వైపువాళ్లకు ఇంకొక మాట: ద్రాక్షలో చేటు చేసేది టార్టారిక్ ఆమ్లమేనని ఈమధ్య పశువైద్యులు అనుమానిస్తున్నారు, అది చింతపండులో దండిగా ఉంది. పులుసు కలిపిన ముద్దను ఆటలో పెట్టొద్దు. కొబ్బరిచిప్పలో కూరి ఇచ్చేవాళ్లు అంచులు రాయికేసి అరగదీసి ఇవ్వండి.

నేను రాసిన ఈ ఆనందాలన్నీ వీధికుక్కకూ ఇంటికుక్కకూ ఎంతోకొంత దక్కుతున్నాయి. దక్కనిది తోటల్లో కాపలా కాసే కుక్కకు. మామిడితోటలోనో కోళ్లఫారం గేటు దగ్గరో, గొలుసు సాగినంత మేరే దాని లోకం. పొద్దున కట్టేస్తే రాత్రికి కూడా అక్కడే. గొలుసు చుట్టూ గుండ్రంగా గడ్డి మొలవకుండా అరిగిపోయిన నేల మీరూ చూసే ఉంటారు. చేలో కాయ వాసన వస్తూనే ఉంటుంది, పోవడానికి ఉండదు. తోటలున్న మారాజులారా, దానికి రబ్బరు బొమ్మ కొనిపెట్టమని అడగడం లేదు. చల్లపొద్దున ఒక గంట గొలుసు విప్పండి. మడిలో పది సంగటి ఉండలు విసిరి, పక్కన నిలబడి చూడండి.