గాజర్ రసం, గుడ్డలో పిప్పి

బొంబాయి చలి ఒంటికి తెలీకపోయినా, డిసెంబరు రాగానే భైకళా మార్కెట్లోనూ గ్రాంట్ రోడ్ భాజీ గల్లీలోనూ ఎర్ర గాజర్ కుప్పలు పడతాయి. ఏడాదంతా దొరికే నారింజ రంగు క్యారెట్ కాదు నేను చెప్పేది. ఉత్తరాది పొలాల నుంచి చలికాలంలో దిగే పొడుగాటి ఎర్ర గడ్డ. టమాటాకు రంగునిచ్చే లైకోపీనే దీనికీ ఎరుపునిస్తుంది. నీరూ తీపీ ఎక్కువ, రసానికి దీన్నే తీసుకుంటాను. ఫిబ్రవరి దాటిందంటే నడిమి దూట కట్టెబారుతుంది, ఎంత పిండినా చుక్క రాదు.

జ్యూసర్ కొనమని ఎవరికీ చెప్పను. మా కామాటిపుర చాల్‌లో ఖోలీ అంటే ఒక్క గది, ఎంతుంటుంది? వంటా, పడకా, మోరీ అన్నీ ఆ నాలుగ్గోడల మధ్యే. పైగా ఆ మిషన్ కడగడానికి బోలెడు నీళ్లు కావాలి, నల్లా వచ్చేదేమో కాసేపే. తురుముపీట, పలచటి నూలుగుడ్డ చాలు. గడ్డల్ని కడిగి, తొక్క గీకి, సన్నపళ్ల వైపు తురమాలి. ముతకగా తురిమితే రసం లోపలే ఉండిపోతుంది. చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలేస్తే తురుము దానంతటదే నీరు విడుస్తుంది. అప్పుడు గుడ్డలో మూటగట్టి, రెండు చేతులా మెలిపెట్టి పిండాలి. కిలోకి రెండు చిన్న గ్లాసులు వస్తే గొప్పే. అల్లం ముక్క తురుములోనే కలిపేస్తాను, నిమ్మరసం చివర్లో నాలుగు చుక్కలు. చక్కెర అసలే వద్దు, గడ్డలో ఉన్న తీపే ఎక్కువ. నిలవుంచితే రంగు మాసి, అడుగున మడ్డి పేరుకుంటుంది. పిండిన వెంటనే తాగాలి. మొదటి గుక్కలో మట్టివాసన, వెనకాలే తీపి. ఆ వరస కోసమే నాకిదంటే ఇంత ఇష్టం.

అయితే గ్లాసులోకి వచ్చింది సరుకంతా కాదు. పీచు దాదాపు మొత్తం పిప్పిలోనే ఉండిపోతుంది, బీటా కెరోటిన్ కూడా కొంత అక్కడే. ఒంట్లో విటమిన్ ఎ అయ్యే ఈ కెరోటిన్ కొవ్వులో కరిగే రకం. కాస్త నూనె, వేడి తగిలితే బాగా ఒంటబడుతుంది. రసం తాగి పిప్పి పారేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పిప్పికి మా దగ్గర సర్వపిండి ఉంది, తెలంగాణ పల్లెల గిన్నె రొట్టె. 18వ శతాబ్దం చివరి నుంచీ నిజాం ఇలాకా పల్లెలు విడిచి కూలికొచ్చి, ఈ నగరం కట్టిన కామాటీల పేరే మా కామాటిపురది. ఇక్కడ తెలుగు బతికున్న చోట్లలో వంటగిన్నె ఒకటని నా నమ్మకం. బియ్యప్పిండిలో పిప్పి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు వేసి కలపాలి. పిప్పిలో తడి ఉంటుంది కనుక నీళ్లు చూసి పోయాలి. నూనె రాసిన గిన్నెకు లోపల అద్ది, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కోదాంట్లో నూనె చుక్క వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద కాల్చాలి. ఒకటి దించాక వేడి గిన్నెకు పిండి అద్దలేం, చల్లారేదాకా ఆగాల్సిందే. అందుకే పక్క ఖోలీ వదినెను ఇంకో గిన్నె అడిగి తెచ్చుకుంటాను. మొదటి సర్వపిండి ఆమెకే.