ఏమీ చెప్పని పన్నెండు అంకెలు

2022 ఏప్రిల్ 4న వడ్డాది విశాఖపట్నం జిల్లా వదిలి అనకాపల్లి జిల్లాలో చేరింది. ఆఫీసుల బోర్డులు మారాయి, రబ్బరు స్టాంపులు మారాయి. ఊళ్ళో ఒక్కరి ఆధార్ నంబరూ మారలేదు. మారాలంటే అందులో జిల్లా ఉండాలి కదా! పాత ఓటరు కార్డు దాచుకున్నవాళ్ళు ఓసారి తీసి చూడండి. ముందు ‘ఏపీ’, తరవాత ఏటవాలు గీత, ఆపైన నియోజకవర్గాల అంకెలు. మనిషి ఎక్కడివాడో నంబరే చాటింపు వేసేది. ఆధార్ ఆ పని చెయ్యదు. ఊరు, పుట్టిన తేదీ, ఆడా మగా, కులం, ఏదీ అందులోంచి తియ్యలేం. నందన్ నీలేకని నాయకత్వంలో 2009లో ఈ పని మొదలుపెట్టినవాళ్ళు కావాలనే అలా ఖాళీగా ఉంచారు. ఆ ఖాళీయే నాకు నచ్చిన పనితనం.

దీని విలువ వేరే దేశం నంబరు పక్కన పెడితే బాగా తెలుస్తుంది. వడ్డాది కుర్రాడొకడు ఉద్యోగం మీద స్టాక్‌హోమ్ వెళ్ళాడనుకుందాం. ఏడాది, అంతకుమించి ఉండేవాళ్ళు అక్కడి పన్నుల శాఖ ‘స్కాట్టెవెర్కెట్’లో జనాభా రిజిస్టరులోకి ఎక్కాలి. పాస్‌పోర్టు, నివాస అనుమతి పట్టుకుని స్వయంగా వెళ్ళాలి. అప్పుడు ‘పెర్షూన్‌నుమ్మర్’ ఇస్తారు. అది చేతికి రాకపోతే బ్యాంకు ఖాతా తెరవడం కూడా తలనొప్పే. స్వీడన్‌లో ఇది 1947 నుంచీ ఉంది. మొదటి ఆరంకెలూ పుట్టిన ఏడాది, నెల, రోజు. తొమ్మిదో అంకె బేసి అయితే మగ, సరి అయితే ఆడ. 1990 వరకూ ఏ జిల్లాలో పుట్టారో కూడా అందులో ఉండేది. మనిషికి నూరేళ్ళు నిండితే మధ్యలోని అడ్డగీత కూడిక గుర్తు అవుతుంది. ముచ్చటైన ఏర్పాటే, కాదనను.

కానీ పుట్టిన తేదీ దగ్గర మనవాళ్ళకో చిక్కుంది. మన పల్లెల్లో ఎంతమంది పుట్టిన తేదీ అమ్మకు గుర్తున్న తేదీ? బడిలో వేసేనాడు పిల్లవాడి చెయ్యి తలమీదుగా తిప్పి చెవి అందిందో లేదో చూసి, వయసు కట్టి, పంతులుగారు ఏ జూన్ ఒకటో జూలై ఒకటో రాసేసేవారు. ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్లోకి, అక్కణ్ణించి పాస్‌పోర్టులోకి, చివరికి స్వీడన్ నంబరులోకి ఎక్కుతుంది. ఇక దాన్ని కదపడం అంత తేలిక కాదు. ఇలాంటి తేదీల వల్ల డెన్మార్కులో ఇంకో విడ్డూరం జరిగింది. పుట్టిన రోజు తెలియని వలసదారులకు జనవరి 1 రాసి రాసి, కొన్ని తేదీలకు, నంబరు తప్పో ఒప్పో సరిచూసే లెక్కకు కుదిరే నంబర్లే మిగల్లేదు. దాంతో 2007 నుంచి ఆ లెక్కకు కుదరని నంబర్లు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆధార్‌లో తేదీ నంబరు బయటే ఉంటుంది. కాగితం చూపించారా, నోటిమాటగా చెప్పారా, సుమారుగా వేశారా అన్నది కూడా నమోదవుతుంది. రేపు దిద్దుకున్నా నంబరు చెక్కుచెదరదు.

ఇంత ఖాళీ నంబరులో పని చేసే అంకె ఒక్కటే, చివరిది. ముందున్న పదకొండు అంకెలూ సరిగా పడ్డాయో లేదో అది సరిచూస్తుంది. దీని లెక్క కట్టినవాడు జాకోబస్ వెర్‌హూఫ్ అనే డచ్చి గణితవేత్త, 1969లో. ఆయన ముందుగా మనుషులు అంకెలు రాసేటప్పుడు ఎలా తప్పుతారో పోగుచేసి చూశాడు. పది తప్పుల్లో దాదాపు ఎనిమిది, ఒక్క అంకె మారిపోవడమే. ఇంకొకటి, పక్కపక్క అంకెలు తారుమారు కావడం. మన చెవుల సంగతే చూడండి, ఫోనులో ‘ఇరవై’ ‘అరవై’గా వినపడని వాళ్ళెవరు? రెండు ఆరైపోతుంది.

స్వీడన్ నంబరు చివర ఉన్నది ఐబీఎం ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్ లెక్క. క్రెడిట్ కార్డులకీ అదే. మంచిదే గానీ ఓ చిన్న చిల్లుంది: 09ని 90గా రాస్తే పట్టుకోలేదు. తొమ్మిదిని రెట్టింపు చేస్తే 18, ఆ ఒకటీ ఎనిమిదీ కలిపితే మళ్ళీ తొమ్మిదే. వెర్‌హూఫ్ ఆ చిల్లు కూడా పూడ్చాడు. ఎలాగంటే, అట్టముక్కతో అయిదు సమాన భుజాల బొమ్మ కత్తిరించండి. అది ఉన్న చోట సరిగ్గా కూర్చునేలా తిప్పడానికి అయిదు తీరులు, బోర్లించి పెట్టడానికి అయిదు తీరులు. మొత్తం పది, తీరుకో అంకె. ముందు తిప్పి తరవాత బోర్లిస్తే ఒక రకంగా కూర్చుంటుంది, ముందు బోర్లించి తరవాత తిప్పితే ఇంకో రకంగా. అందుకే ఆయన పట్టికలో 2 తరవాత 6 వస్తే 8, 6 తరవాత 2 వస్తే 9. మామూలు కూడికలో ముందూ వెనకా తేడా ఉండదు, ఇక్కడ ఉంది. అయినా 2, 3 రెండూ తిప్పుళ్ళే కాబట్టి వాటి మధ్య ఆ తేడా రాదు. దానికని అంకె ఏ స్థానంలో ఉందో దాన్నిబట్టి వేషం మార్చాడు. దాంతో ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా, ప్రతిసారీ దొరికిపోతుంది. కాగితం, పెన్సిలు ఉంటే చెయ్యగలిగిన లెక్క ఇది. ఇంటర్ లెక్కల మేష్టార్లు బోర్డు మీద ఎందుకు చెయ్యరో నాకు అర్థం కాదు.

పొగడ్త నంబరు దగ్గరే ఆగుతుంది. నంబరు వెనక వేలిముద్రలు తీసే యంత్రానికి ఇంత నేర్పు లేదు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు కొట్టిన చేతులు, బెల్లం పెనాల దగ్గర కాలిన చేతులు ఈ చుట్టుపక్కల ఎన్నో. అరిగిపోయిన ఆ వేళ్ళను రేషను దుకాణంలో యంత్రం గుర్తుపట్టకపోతే వెర్‌హూఫ్ లెక్క ఏం చేస్తుంది?

విదేశాల్లో ఉన్నవాళ్ళ నమోదుకీ మొదట్లో ఇలాంటి మొరటుతనమే ఉండేది. ముందు పన్నెండు నెలల్లో 182 రోజులు దేశంలో ఉండాలన్నారు. నెల రోజుల సెలవు మీద వచ్చేవాడికి అది అయ్యే పని కాదు. 2019 బడ్జెట్లో ప్రకటించి, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి ఆ షరతు తీసేశారు. వేరే దేశపు పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద వచ్చేవాళ్ళకి 182 రోజులు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు మన స్టాక్‌హోమ్ కుర్రాడు దిగీదిగగానే ఆధార్ కేంద్రానికి వెళ్ళొచ్చు. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, ఈమెయిలు తప్పనిసరి. పది వేళ్ళ ముద్రలు, రెండు కనుపాపలు, ఒక ఫొటో. కొత్తగా తీసుకోవడానికి రుసుము లేదు.

ఫోను నంబరు దగ్గర మాత్రం చిక్కు. ఓటీపీ సందేశాలు విదేశీ నంబర్లకు పోవు. అంచేత చాలామంది ఊళ్ళో ఉన్న తమ్ముడి నంబరు ఇచ్చి విమానం ఎక్కుతారు. అన్న అక్కడ ఏదో వెబ్‌సైట్ తెరుస్తాడు, ఓటీపీ వడ్డాదిలో మోగుతుంది, పొలంలో ఉన్న తమ్ముడు ఫోను తీసి చదువుతాడు. “ఏట్రా, ఇరవయ్యా, అరవయ్యా?” “అరవై అన్నయ్యా, ఆరు, సున్నా.” ఆ ఆరంకెల ఓటీపీకి సరిచూసే అంకె లేదు. తప్పు కొడితే మళ్ళీ మొదటికి రావడమే.