మూన తిరిగిందా?

నాట్లేసిన వారం పది రోజులకు మా మేనత్త మడిలోకి దిగి ఒక కుదురు పెకలిస్తుంది. బురద కడిగి, వేళ్లను వెలుగుకేసి పట్టి చూస్తుంది. "తెల్లవేరు దిగిందిరా, మూన తిరిగింది" అంటుంది, అంటే నాటు నిలదొక్కుకుందని. ముదురు వేరుకు తుప్పు రంగు. వేరు నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసనేస్తే మాత్రం నీళ్లు తీసి మడి ఆరగట్టమంటుంది.

ఆమె చదివేది కణాల వయసునే. వేరు కొసన టోపీలాంటి కణాలు మట్టికి ఒరుసుకుని రాలిపోతుంటే, వెనక కొత్తవి పుడుతుంటాయి. నీరు మోసే దారునాళ కణాలు చచ్చి లోపల ఖాళీ అయ్యాకే గొట్టాలవుతాయి. వరిది ఇంకో విశేషం. బురదలో గాలాడదు కనుక వేరు పైపొర కింద కొన్ని కణాలు తమంతట తామే చనిపోయి, ఆకుల నుంచి గాలి దిగే దారి వదులుతాయి. ఆ గాలి కాస్త బయటికి ఊరి బురదలోని ఇనుముకు తగిలితే వచ్చేదే ఆ తుప్పు రంగు.

ఈ పేర్లేవీ అత్తకు తెలియవు. పైరుకు పనికొచ్చే చావేదో, పైరును తినే చావేదో ఆమె వేళ్లకు తెలుసు. చూడటం అయ్యాక ఆ కుదురును మళ్లీ అదే గుంటలో గుచ్చి గట్టెక్కుతుంది.