వేటకు పనికిరాని వెన్నెల

కొన్నేళ్ల క్రితం పదో తరగతి పిల్లలకు ‘వెన్నెల రాత్రి’ మీద వ్యాసం రాయమన్నాను. పులికాట్ ఒడ్డు పల్లె నుంచి వచ్చే కుర్రాడొకడు నాలుగే వాక్యాలు రాశాడు. వెన్నెల్లో వల నీళ్లలో కనబడుతుందనీ, చేప తప్పుకుంటుందనీ, పున్నమి దగ్గర పడితే వాళ్ల నాన్నకు పడవ ఖర్చు కూడా రాదనీ, అందుకని వెన్నెల తమకు మంచిది కాదనీ. నేను ఎర్రసిరాతో ‘విషయం తప్పినది’ అని రాసి పదికి మూడు మార్కులు వేశాను. ఎం.ఏ.లో రెండేళ్లు భావకవుల వెన్నెల చదువుకున్నవాణ్ణి మరి. ఆ మూడు మార్కులే ఈ వ్యాసానికి కారణం.

విషయం తప్పింది వాడు కాదు. మన కవిత్వంలో రాత్రి నీటిమీద పడవ ఎక్కినవాడు చాలావరకు విహారానికి వచ్చినవాడే. తెల్లవారితే దిగి ఇంటికి పోతాడు. అభ్యుదయ కవులం దీన్ని మార్చామని అనుకుంటాం. ఏం మార్చాం? విహారిని దించి బెస్తవాణ్ణి ఎక్కించాం, తుపాను రప్పించాం, వలను విప్లవానికి ప్రతీక చేశాం. ఆ వల ఎవరి అప్పుతో కొన్నదో అడగలేదు.

ఇక్కడి సంగతే చెప్పాలి. శ్రీ సిటీకి రాత్రి షిఫ్టు బస్సులు పోయే ప్రాంతంలోనే తడ ఉంది. తడ దగ్గర భీమునివారిపాళెం రేవు, దానికి అవతల నీళ్ల మధ్య ఇరకం దీవి. ఈశాన్య ఋతుపవనాల వానలకు కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నీళ్లు సరస్సులోకి దిగుతాయి. సముద్రంలో పుట్టి సరస్సులో పెరిగిన రొయ్య, ఆటు లాగేటప్పుడు ముఖద్వారం గుండా మళ్లీ సముద్రానికి పోతుంది. చాలా రకాల రొయ్యలు పగలు ఒండ్రులో దాగి రాత్రి కదులుతాయి. కనుక కొయ్యలు పాతి కట్టే వలలకు చీకటి కావాలి, ఆటు కావాలి. అమావాస్య నాడు రెండూ కలిసివస్తాయి. చలికాలపు తెల్లవారుజామున మంచులో తడిసిన చేతులతో వల లాగడం ఎలా ఉంటుందో వర్ణించడం కష్టమేమీ కాదు. ఆ చోటు ఎవరి వంతుకు వచ్చిందో చెప్పడమే కష్టం. సరస్సు దక్షిణాన తమిళ పల్లెల్లో ‘పాడు’ అని ఒక పద్ధతి ఉంది. మంచి చోట్లు వంతులవారీగా పంచుకుంటారు. న్యాయంగానే కనబడుతుంది. కానీ ఆ వంతు కులాన్ని బట్టి వస్తుంది. వంతు లేని ఇరుళ స్త్రీలు నీళ్లలోకి దిగి ఒండ్రు తడుముతూ చేతులతో రొయ్యలు పట్టాలి. మన బెస్త కవితల్లో ‘శ్రామికుడు’ ఒక్కడే. నీళ్లమీద మాత్రం వాళ్లు ఒక్కరు కారు.

ఈ దృష్టితో తకళి శివశంకర పిళ్లై ‘చెమ్మీన్’ (1956) మళ్లీ చదివాను. చెమ్మీన్ అంటే రొయ్యే. కుట్టనాడు కూలీల మీద ‘రెండిటంగళి’ రాసిన అభ్యుదయ రచయిత ఆయన. నవల మొదటి భాగంలో ఆ చూపు కనబడుతుంది. పడవకూ వలకూ చెంబన్‌కుంజు పరీకుట్టి దగ్గర డబ్బు తీసుకోవడం, చేప నీకే అమ్ముతానని మాట ఇవ్వడం, పడవ వచ్చాక ఆ మాట తప్పడం, పరీకుట్టి చితికిపోవడం — ప్రేమకథకు ఊపిరి ఈ అప్పులోంచే వస్తుంది. కానీ చివరి రాత్రి చూడండి. పళని ఒంటరిగా గాలం వేసి సొరచేప వెంట పోతాడు. ఒడ్డున కరుత్తమ్మ పరీకుట్టిని కలుస్తుంది. సుడిగుండం పళనిని మింగుతుంది. భార్య నిష్ఠే నడిసముద్రంలో మగవాణ్ణి కాపాడుతుందన్న నమ్మకాన్ని కథ తన చేత్తో రుజువు చేసిపెట్టింది. రచయిత ఆ నమ్మకాన్ని చూపించాడే గాని సమర్థించలేదని కొందరంటారు. పాత్రలు నమ్మితే అది చిత్రణ. నమ్మకం ప్రకారమే సముద్రం నడిస్తే అది రచయిత తీర్పు. పళనిని ఏ పడవా ఎక్కించుకోకుండా చేసింది ఊళ్లో పుకారు. అతడు ఒంటరిగా పోవడానికి కారణం అది. అంత మంచి కారణం చేతిలో ఉండగా కడలమ్మ కోపంతో పనేముంది? 1965లో రాము కరియాట్ తీసిన సినిమాకు రాష్ట్రపతి స్వర్ణపతకం వచ్చింది. లోకానికి గుర్తున్నదీ ఆ కడలమ్మే, అప్పు కాదు. అయినా అప్పును అంత దగ్గరగా రాసిన బెస్తల నవల తెలుగులో నేను చదవలేదు. కనుక ఈ విమర్శ ఒప్పుకోలు కూడా.

మన తీరంలో ఆ దేవత స్థానాన్ని వేరే శక్తులు తీసుకున్నాయి. 1971లో శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ లేచింది. ప్రయోగం ఉన్న రోజు ఆ మేర సముద్రంలోకి పోవద్దని వేటగాళ్లకు హెచ్చరిక వస్తుంది. 2024 డిసెంబరు 30 రాత్రి పది గంటలకు పీఎస్ఎల్వీ-సీ60 లేచింది. ఆకాశంలో రెండు ఉపగ్రహాలను జోడించే ప్రయత్నం, గొప్ప పనే. తరగతిలో పిల్లలతో చప్పట్లు కొట్టించాను. తరవాత పంచాంగం చూశాను: మార్గశిర అమావాస్య.

ఆ కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఈమధ్య మళ్లీ వెన్నెల పాఠం వచ్చింది. ఈసారి నేను ముందుగా అడిగిన ప్రశ్న: “మీలో వేటకు పోయే ఇంటివాళ్లు ఎంతమంది?” మూడు చేతులు లేచాయి.